నడిమి లెక్క

కలకత్తా వాట్‌గంజ్‌లో ఒక గోదాము దగ్గర బస్తాలు లెక్కపెట్టడం బైరాగి పని. లారీవాళ్ల లెక్క ఒకటి, గోదాము లెక్క ఇంకొకటి. రెండూ కలిసిన రోజు అరుదు. సాయంత్రానికి రెండు పక్షాలూ టీ తాగి, నడిమి అంకె ఖాయం చేసుకుని ఇళ్లకు పోతారు. నిజంగా ఎన్ని దిగాయో పైవాడికే తెలియాలి. తగవైతే లేదు కదా అనుకుంటూ బైరాగి ఆ పనిలోనే అరిగిపోయాడు.

భార్య అమ్మన్నమ్మకు బీపీ వచ్చింది. డాక్టరు జబ్బకు పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, నూట డెబ్బై అని మాత్ర రాశాడు. కొడుకు సుందర్ కొనిచ్చిన మిషను ఇంట్లో నూట ముప్పై దాటనంటుంది. మాత్ర వేసుకుంటే ఆమెకు కళ్లు తిరిగి పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. మానేస్తే ఏమవుతుందోనని బైరాగికి భయం.

మిషను సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరునే అడిగాడు, ఏది నిజమని.

"అసలుది రక్తనాళం లోపలుంటుంది దాదా. మేం బయటినుంచి అంచనా కడతాం. రెండూ తప్పు కావచ్చు. కొన్నాళ్లు రోజూ చూపించండి. మాత్ర మాత్రం మానొద్దు."

రోజూ ఎవరు తిరుగుతారు? బైరాగి ఒళ్లు ఎప్పుడో అలిసిపోయింది.

"నడిమి పట్టుకుందారి. సగం ముక్క ఏసుకో," అన్నాడు ఇంటికొచ్చి.

"ఏటి, డాకటేరు సెప్పినాడా?"

"నెక్క ఎప్పుడూ నడిమినే ఉంటాది."

ఆమె నమ్మింది. కళ్లు తిరగడం తగ్గింది. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది. నడిమి అంకెతో తగవు తీరుతుందేగాని నిజం తేలదని, ఒంట్లో రక్తం ఎవరితోనూ రాజీకి రాదని ఆ పిచ్చిమారాజుకు తట్టలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు చేపలు తోముతూ ఆమె పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గానీ ఎడమవైపు పడిపోయింది. నర్సు మళ్లీ బీపీ చూసి ఏదో అంకె చెప్పింది. అది నిజమేనా అని బైరాగి అడగలేదు. అడిగే ఓపిక లేదు, మొహమూ లేదు.

మంచం పక్కన కూలబడి, ఆమె ఎడమచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కాడు.

"తెలస్తందా?"

అమ్మన్నమ్మ అతని మొహం చూసి కళ్లు మూసుకుంది. తర్వాత, అతను పట్టుకోని కుడిచెయ్యి నొప్పెట్టినట్టు కాస్త వెనక్కి లాక్కుని, "తెలస్తంది... మెల్లగా నొక్కు," అంది ముద్దగా.