మా చిట్టి దేవత కాదు

నిన్న పొద్దున ఫ్యాక్టరీలో షిఫ్ట్‌లో ఉండగా హైదరాబాద్ నుంచి డాక్టరమ్మ ఫోన్. "సారీ అండీ, చిట్టి పోయింది."

ట్రాక్టర్ల లైన్ వదిలేసి బయటికొచ్చేశాను.

చిట్టి నా బాల్ పైథాన్, చిన్న జాతి కొండచిలువ. అన్ని కాగితాలూ ఉన్న పెంపుడు పాము. ఐదేళ్లు నాతో ఉంది. విషం లేదు, పడగ లేదు, ఎవరినీ కరిచింది లేదు.

ట్రైనింగ్‌కు పుణె వెళ్తూ దాన్ని కోహీర్‌లో అక్క ఇంట్లో పెట్టాను. చలికాలంలో కోహీర్ ఎలా గడ్డకట్టిస్తుందో మీకు తెలుసు. "బావా, ఆ వేడి బల్బు మాత్రం బంద్ చెయ్యకు" అని వందసార్లు చెప్పాను.

బావ తలూపాడు. తలూపడంలో ఆయనను మించినవాడు లేడు.

నేను బస్సెక్కగానే గాజుపెట్టెలోంచి తీసి, దేవుడి గదిలో చల్లటి బండల మీద పెట్టారట. పసుపు నీళ్లతో అభిషేకం!

మూడో రోజుకు ఊపిరితిత్తులు పట్టేశాయి. అలా అయితే పాము గాలి కోసం తల పైకెత్తి నోరు తెరుస్తుంది.

బావ దాన్ని వీడియో తీసి గ్రూప్‌లో పెట్టాడు. "సూడుండ్రి, నాగమ్మ తల్లి పడగ లేపి దీవిస్తున్నది!"

పడగే లేని పాముకు పడగ లేపించాడు మహానుభావుడు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, దానికి పాణం బాగలేదు. జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

"గట్లనకురా, కండ్లు పోతయ్. మొగుడంపల్లి నుంచి గూడ జనం వస్తున్నరు."

ఊపిరాడని ప్రాణి ముందు అగరొత్తుల పొగ. తెరిచిన నోట్లో చెంచాతో పాలు. పాము పాలు తాగదురా నాయనా! అవి కూడా ఊపిరితిత్తుల్లోకే పోయాయి.

ట్రైనింగ్ వదిలేసి వచ్చేసరికి నోటి చుట్టూ నురగ. దిండు గలేబులో వేసి, పక్కన వేడినీళ్ల సీసా పెట్టి, ఫ్రెండ్ కారులో హైవే ఎక్కాం. గలేబులో చెయ్యి పెడితే మణికట్టుకు చుట్టుకుంది.

సంగారెడ్డి దాటాక పట్టు వదిలేసింది.

హైదరాబాద్ దవాఖానలో రెండు రోజులు ఇంజెక్షన్లు, నెబ్యులైజర్. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది.

నిన్న సాయంత్రం బావ ఫోన్. "బామ్మర్దీ, తల్లిని ఈడికే తీస్కరా. మన చేన్ల గద్దె కడ్తం."

చంపినవాళ్లే గుడి కడతారట. ఛీ! స్టేటస్‌లో దాని ఫొటోకు దండ కూడా వేశాడు.

నేనేం తక్కువ తినలేదు. వీళ్ల తెలివి తెలిసీ అప్పజెప్పి పోయాను. వాళ్లను తిడితే సగం నన్ను నేను తిట్టుకున్నట్టే.

ఇవ్వను బావా. ఎక్కడ పూడ్చానో కూడా చెప్పను.

పడుకో చిట్టీ. ఇక హాయిగా ఊపిరి పీల్చుకో.

మళ్లీ పుడితే పామువై పుట్టు. ఎవ్వరికీ దేవతవు కాకు.