ఎవరని అడగని ఖాజా అన్న

నిన్న పొద్దున ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఉగ్గాని పార్సిల్ కట్టించుకుంటుంటే ఫోన్ వచ్చింది. ఖాజా అన్న కూతురు రేష్మా.

"అత్తా, అబ్బా పోయినాడు."

"యాడికి పోయినాడు?" అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. ఆ పిల్ల ఏడిస్తే గానీ నా బుర్రకెక్కలేదు.

డబ్బులిచ్చి పార్సిల్ అక్కడే మర్చిపోయి ఆదోని బస్సెక్కాను.

గుండెపోటు. నిద్రలోనే. సాయంత్రానికి మట్టి ఇచ్చి వచ్చేశారు.

ఈ వాట్సాప్ గ్రూప్‌లో చాలామందికి ఖాజా అన్న అంటే ఆదోనిలో కంప్యూటర్ రిపేర్ షాపు. కీబోర్డులో టీ ఒలికితే "ఇంగ రెండు బిస్కెట్లు కూడా వేయకపోయినారా" అని తిట్టి బాగుచేసి ఇచ్చే మనిషి. అంతే తెలుసు.

నాకు ఇంకొకటి తెలుసు.

ఇరవై ఏళ్ళ కిందట, ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ కీచుకీచుమనే రోజుల్లో, ఎక్కడెక్కడో దేశాల్లో ఉన్న కొందరు కలిసి ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. పంపిన మనిషి ఎవరో తెలియకుండా, మెసేజ్ మూడు నాలుగు కంప్యూటర్లు దాటుకుంటూ పోవాలి. దాని మొట్టమొదటి రోజుల్లో కోడ్ రాసినవాళ్ళలో మా అన్న ఒకడు. వాళ్ళ మొహం ఈయన చూడలేదు, ఈయన మొహం వాళ్ళు చూడలేదు. ఎక్కడా పేరు కూడా పెట్టుకోలేదు.

నేనప్పుడు ఆయన దగ్గర కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. నేర్చుకునే మా అందరికీ అర్థం కావాలని ఒకరోజు ఒక ఆట ఆడించాడు. ఒక చీటీ. దాని మీద ఒక కవరు, దాని మీద ఇంకో కవరు, ఇంకోటి. ఎవరి కవరు వాళ్ళు చింపి, లోపల కవరు మీద ఉన్న పేరు చూసి ఆ మనిషికి ఇచ్చెయ్యాలి. అంతే.

మనవాళ్ళు ఊరుకుంటారా!

కవరు చేతికి రాగానే ప్రతి ఒక్కరూ "ఎవురిచ్చినారప్పా నీకు?" అని అడిగారు. ఇచ్చినవాళ్ళు చక్కగా చెప్పారు. నాలుగో మనిషికి చేరేసరికి చీటీ రాసింది ఎవరో టీ తెచ్చినాయనకు కూడా తెలిసిపోయింది.

అన్న కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయి తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఓయమ్మా! నేనూ ఈ వూరోన్నే కదా. మిషన్‌కు గూడా అదే నేర్పించినా!"

తను రాసిన కోడ్‌లో ఒక లైను ఉంది. ఏ మెసేజ్ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాసి పెట్టుకునే లైను. ఎందుకు రాశాడో ఆయనకే తెలియదు. ఎవరిచ్చారని అడక్కుండా వస్తువు తీసుకోవడం మనకు చేతకాదు, అదీ సంగతి.

నా కళ్ళ ముందే ఆ లైను కొట్టేశాడు. "ఇచ్చి మర్చిపోవాల. అంతే దాని పని" అన్నాడు.

ఆదోనిలో తన షాపులో ఒకటి, కౌతాళంలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒక ఎస్టీడీ బూత్‌లో ఒకటి, మూడు పాత కంప్యూటర్లు పెట్టి టెస్ట్ చేసేవాడు.

తర్వాత నేను ఎమ్మిగనూరులో ఒక విత్తనాల షాపులో బిల్లులు కొట్టే పనికి చేరాను. అక్కడ మొలకెత్తని పాత పత్తి విత్తనాలను కొత్త సంచుల్లో నింపడం చూశాను.

ఇన్నేళ్ళలో మొదటిసారి చెబుతున్నాను. దాని గురించి వ్యవసాయ అధికారులకు లెటర్ రాసింది నేనే. ఆ ఎస్టీడీ బూత్‌లో కూర్చుని, అన్న సాఫ్ట్‌వేర్‌లోంచి మెయిల్‌గా పంపాను; అది కౌతాళం దాటి, చివరికి అన్న షాపు మిషన్ నుంచి బయటికి పోయింది.

పేరు బయటపడితే నా పని ఒక్కటే కాదు, మా ఓనర్ చేలల్లో కూలికి పోయే మా నాయన పని కూడా పోయేది. కొట్టినా దిక్కులేదు.

అధికారులు వచ్చి గోడౌన్‌కు సీల్ వేశారు. మెయిల్ ఖాజా షాపు లైన్ నుంచి వచ్చిందని ఎవరో ఓనర్‌కు చెప్పారు. ఆయన కారు తీసి, నన్ను కూడా ఎక్కమన్నాడు.

"నీకు కంప్యూటర్ వచ్చు కదా పాపా. రాసినోడు ఎవడో నువ్వే సూసి సెప్పు."

బిల్లులు కొట్టే పిల్లకు అంత ధైర్యం ఉంటుందని ఆయనకు తట్టనే లేదు.

షాపులో అన్న లేచి నాకు కుర్చీ ఇచ్చాడు. "నా మిషన్ నుంచే పోయినాది సేఠ్, కాదనను. రాసిందెవరో నాకు తెల్దు" అన్నాడు. నాకేసి తిరిగి, "బాగా సూడమ్మా. ఏమన్నా కనపడితే మొగమాటం లేకుండా సెప్పు" అన్నాడు.

ఏమీ ఉండదని నాకు తెలుసు. అయినా ప్రతి ఫోల్డరూ తెరిచాను, ఓనర్ నా భుజం మీదుగా చూస్తుండగా.

"ఏం లేదు సార్."

పోతూ పోతూ ఓనర్ మానిటర్‌ను కిందికి తోసేశాడు. కొత్తది. అన్న ప్లగ్ పీకి గాజు పెంకులు ఊడ్చుకున్నాడు.

నన్ను ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. నా పెళ్ళి, నా పిల్లల చదువు, నా బీపీ మాత్రలు, అన్నీ అడిగాడు. అదొక్కటి తప్ప.

నెల కిందట చూడ్డానికి పోయినప్పుడు నేనే ఆగలేక, "అన్నా, ఆ లెటరు..." అన్నాను.

చెయ్యెత్తి ఆపేశాడు. "నోరు మూయి సునీతా. ఇరవై ఏండ్లుగా నడుస్తాంది ఆ టెస్టు. ఇప్పుడు ఎవురన్నా సెప్తే ఫెయిల్."

మూసుకున్నాను.

ఇప్పుడు మా నాయన లేడు. ఆ ఓనరూ లేడు. నిన్నటి నుంచి నువ్వూ లేవు. నీకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు. నీ సాఫ్ట్‌వేర్ పాస్ అయింది అన్నా, ఫస్ట్ క్లాస్‌లో.

సమాధిలో దేవదూతలు వచ్చి ప్రశ్నలు అడుగుతారని నువ్వే చెప్పేవాడివి. ఆ లెటర్ సంగతి అడిగితే నా పేరు చెప్పెయ్యన్నా. ఇంక ఫర్వాలేదు.

చల్లగా పడుకో అన్నా. నీ అల్లాకు, మా యేసయ్యకు, ఇద్దరికీ నిన్ను అప్పజెబుతున్నాను.