అవ్వ పాటలు కొత్తదాంట్లోకి

మా ఇంట్లో సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. సుల్తానాబాద్ ఇంటి అల్మారాలో, వైఫై డబ్బా పక్కన, ఏళ్ల తరబడి ఆపకుండా నడిచిన పాత కంప్యూటర్. ఇంటిల్లిపాది ఫొటోలూ దాంట్లోనే. పోయినేడు చనిపోయిన మా అవ్వ చర్చిలో, వంటింట్లో పాడిన పాటలూ దాంట్లోనే. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఆ పాటలు ఇంకెక్కడా లేవు. ఈమధ్య అది మూలగడం మొదలుపెడితే భయమేసి కొత్తది కొన్నాను.

పాతదాంట్లోంచి దాంట్లోకి కాపీ పెట్టాను. ముందు ఫొటోలన్నీ వెళ్లాయి. పాటలు అప్పుడే మొదలయ్యాయి. పాలకు పోతూ బాపుతో గట్టిగానే చెప్పాను.

"బాపూ, నేనొచ్చేదాక దాన్ని ముట్టకు."

"నేనెందుకు ముట్టుకుంట?" అన్నాడు.

తిరిగొచ్చేసరికి అల్మారాలో చప్పుడు లేదు. బాపు ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"టక్కుటక్కుమని కొట్టుకున్నది బిడ్డా. జల్ది కరెంటు తీసేసిన. లేకుంటే కాలిపోతుండె."

బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ మోటారు చప్పుడు మారితే ముందు కరెంటు తీయాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఆ అలవాటుతోనే మిక్సీనీ కూలరునూ ఎన్నిసార్లు ఆపాడో, అవ్వ చేత ఎన్ని తిట్లు తిన్నాడో. కానీ కంప్యూటర్లోని ముసలి డిస్కు సంగతి వేరు. తిరిగినన్నాళ్లే తిరుగుతుంది, ఒకసారి ఆగిందంటే లేస్తుందన్న నమ్మకం లేదు. మళ్లీ ప్లగ్గు పెట్టాను. లేవలేదు. కరీంనగర్ తీసుకుపోతే, బాగుచేసే అతను చెవి దగ్గర పెట్టుకుని విని, "లాభం లేదక్కా" అన్నాడు.

ఇంటికొచ్చాను.

"ముట్టకని చెప్పిన్నా లేదా?" అన్నాను బాపుతో.

"మిషన్ పోతే ఇంకోటొస్తది బిడ్డా. మనిషి దక్కాలె. బాయిల మాకు గదే నేర్పిండ్రు."

"అవ్వ దాంట్లనే ఉండె గద బాపూ."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. నా నోరు పడిపోను, ఆ మాట ఎందుకన్నానా అని నాకు ఏడుపొచ్చింది.

కొత్తదాంట్లో అంతా వెతికాను. ఒకే ఒక్క పాట ఉంది, అదీ పూర్తిగా దిగలేదు. నొక్కాను. బాపు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అవ్వ గొంతు సవరించుకుంది.

"పెట్టినవా? ఇగ పాడాల్నా?" అంది. అక్కడితో రికార్డు ఆగిపోయింది.

"పాడు," అన్నాడు బాపు.