గని దుంగ ముద్గర్

రోజూ తెల్లవారగానే ఆ ముద్గర్‌ను భుజానికెత్తుకుంటాను. కర్రకు పట్టిన ఆముదం వాసన ముక్కుకు తగలగానే పోశన్న కాకా పక్కనే నిలబడ్డట్టుంటుంది. గని కప్పు కూలకుండా నిలబెట్టే దుంగల్లో పనికిరానిదాన్ని గదలా చెక్కి, పట్టుకోవడానికి పిడి మలిచి, ఆయన కసరత్తు కోసం స్వయంగా చేసుకున్న బరువు అది. నాకిప్పుడు డెబ్బై మూడు. ఈ వయసులో బరువులెందుకని అడిగేవాళ్లకు ఆయన గురించి చెబుతాను. కొందరికి కోపంగానే చెబుతాను.

లాల్‌పేట్ గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు మోశాను. రిటైరయ్యాక, మోసింది చాలని మంచమెక్కాను. మా గనివాళ్లందరూ చేసే తప్పే ఇది: చేసిన కష్టం ఒంట్లో ఎప్పటికీ నిలిచి ఉంటుందనుకుంటాం. మూడేళ్లకు, మనవరాలికి పేరు పెట్టిన రోజున, బంతిలో నేల మీద కూర్చుని తిన్నాక లేవలేకపోయాను. ఇద్దరు అల్లుళ్లు చంకల కింద చేతులేసి లేపారు. డాక్టరు వయసన్నాడు. కొడుకు ప్లాస్టిక్ కుర్చీ కొన్నాడు. ఇక దొడ్డికి కూడా ఎవరో ఒకరు పట్టుకుపోయే రోజు దగ్గరపడిందని భయపడ్డాను. ఆ భయమంతా ఇంట్లోవాళ్ల మీద కోపంగా కక్కాను.

ఆ బంతిలోనే నా ఎదురుగా కూర్చున్నాడు పోశన్న కాకా. గనిలో దుంగలు నిలబెట్టే మిస్త్రీ, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆయన చేయి నేలకు ఆనించకుండా లేచి, తన విస్తరి తానే తీసుకుపోయాడు. అది గుర్తొచ్చి ఒక రోజు సిగ్గు చంపుకుని ఆయన వాకిట్లోకి వెళ్లి, నేరుగా ఆయన రోజూ తిప్పే ముద్గర్ మీద చేయి వేశాను.

"ఆగు తమ్మీ. గనిల దిగంగనే బొగ్గు కొడ్తుంటివా?"

"లేదు కాకా. ముందుగాల కప్పు గట్టిగుందా లేదా అని కట్టెతోని తట్టి సప్పుడు ఇంటుంటిమి."

"మరి గిప్పుడేంది, తట్టకుండనే ఉరుకుతున్నవ్?"

బకెట్ బోర్లించి దాని మీద కూర్చోమన్నాడు. చేతులు కట్టుకుని లేవమన్నాడు. నాలుగుసార్లకే తొడలు వణికాయి.

"గంపలకు గంపలు మోసినోన్ని కాకా! బకెట్ మీదికెల్లి లేవస్తలేదు!"

"మోసినవ్ లే. గా మోసినోడు రిటైరయిండు. గిప్పుడున్నోడు కొత్తగ భర్తీ అయిండు. రేపు ఐదుసార్లు లెవ్వు."

మండిపడుతూ ఇంటికొచ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. బకెట్ నుంచి పీటకు, పీట నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నెలలు పట్టింది. రోజూ ముందు నా మోకాళ్లు తట్టి, "నొస్తుందా, గుంజుతుందా?" అని అడిగేవాడు. నొప్పి అంటే ఆపేవాడు. గుంజుడంటే ఇంకోసారి లేపేవాడు. ఈ వయసులో నీకెందుకింత కష్టమని అడిగితే ఒకసారి నవ్వాడు.

"కప్పు మీద పడ్డంక దుంగ పెడ్తరా ఎవలన్న?"

అంటూనే ముద్గర్‌ను తల వెనక నుంచి తిప్పాడు. డెబ్బై అయిదు దాటిన ఆ భుజం మీద కండ తాడులా కదిలింది. నేను బడికి పోనివాణ్ణి, దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నవాణ్ణి. ఏ కాగితమూ నాకు చెప్పనిది ఎదురుగా నిలబడి ఉంటే, చెప్పులు విప్పాలనిపించింది.

పోయినేడు ఎనభై నాలుగేళ్ల కాకా రెండు రోజుల జ్వరంతో పోయాడు. చివరి రోజు కూడా తన కాళ్ల మీదే దొడ్డికి వెళ్లాడని ఆయన కోడలు చెప్పింది. దినాల నాడు బంతిలో నేల మీద కూర్చున్నాను. తిన్నాక నా కొడుకు కుర్చీ పట్టుకుని ఉరికొచ్చాడు.

"జరుగురా," అన్నాను. చేతులు కట్టుకుని లేచాను.

అది చూసి, కాకా కోడలు లోపలి నుంచి ముద్గర్‌ను ఈడ్చుకొచ్చింది. "మా మామ మీకే ఇయ్యమన్నడు. మస్తు బరువుంది, ఎవల్నన్న పిల్వాల్నా?"

"వద్దు బిడ్డా."

వంగి, ముందు మోకాళ్లు రెండూ తట్టి చూసుకున్నాను. ఆ తరువాతే ఎత్తుకున్నాను.