అవ్వను వాకిట్లో ఉంచిన రోజు

మొన్న చింతామణిలో జరిగిన చేతిపనుల, ఊరి వంటల మేళాకు వాలంటీర్‌గా వెళ్లాను. ఫోటోలు దిగే చోట గోడకు అలంకారంగా పాత చంద్రికలు కట్టే పని నాకిచ్చారు. పట్టుపురుగులు గూళ్లు అల్లుకునే ఆ వెదురు తట్టల్లో ఇంకా పురుగుల వాసన ఉంది. మల్లెపూలు పెట్టుకున్న అమ్మాయిలు వాటి ముందు నిలబడి నవ్వుతుంటే నేను పక్కకు వచ్చేశాను.

పురుగుల ఇళ్లలో పెరిగిన స్నేహితులారా, మీకూ గుర్తుందా? హాలు పురుగులది, మనం పడుకునేది వసారాలో. పూలు, పౌడరు, తలనొప్పి మందు, ఏ వాసనా గడప దాటకూడదు.

మా అవ్వ అట్లాంటి రోజుల్లోనే పోయింది. దగ్గుకు ఛాతీ మీద మందు రాసుకుంటే ఆ ఘాటు పురుగులకు తగులుతుందని తనే పశువుల కొట్టంలోకి మారింది. అక్కడే కన్ను మూసింది. ఇంట్లోకి తేకుండా వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు.

"మా అక్క ఒక ఊదికడ్డీకి కూడా నోచుకోలేదా?" అని అవ్వ తమ్ముడు అమ్మ మీద అరిచాడు.

"పురుగులు గూడు కడతాండాయప్పా. పొగ తగిలితే అన్నీ చస్తాయి. వద్దని అత్తే చెప్పిపోయింది."

"పురుగులకుండే మర్యాద మనిషికి లేదు ఈ ఇంట్లో!"

పూలు లేకుండానే అవ్వను తీసుకెళ్లారు.

గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్‌కు వెళ్లిన రోజు అమ్మ హాలంతా కడిగింది. తలుపులు బార్లా తెరిచి, ఖాళీ వాకిలి వైపు చూస్తూ, "ఇంక లోపలికి రా అత్తా" అంది.