ఫ్లాస్కు మూత

రాష్ట్ర నేషనల్ గార్డు సైనిక దళాలకూ విపత్తుల శాఖకూ అధిపతి అయిన జనరల్ ఆల్డన్ ట్వెట్, భయమేస్తే కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంటాడు. మంచు కరిగి ఏరు పొంగే ప్రతి వసంతంలోనూ ఆయన కంట్రోల్ గదిలోని వాళ్లు గోడ మీది తెర చూపే నీటిమట్టాన్ని కాక ఆ మూతనే చూస్తారు. ఈ మధ్యాహ్నం అది ఆగడం లేదు. పొలాల మీద నీరు ఆకాశమంత నిశ్శబ్దంగా పరుచుకుంటోంది.

"మూత అరిగిపోతుంది సార్. హాల్విక్ ఊరి దళాన్ని పిలవండి, ఎగువ పట్నం కట్టకు వాళ్లే దగ్గర," అంది సహాయకురాలు మార్లిస్.

"హాల్విక్‌లో ఇసుక బస్తాలు మోసేదీ వాళ్లే కదమ్మా. పోయినసారి పిలిచాను. పట్నం నిలిచింది, వాళ్ల ఇళ్లు మునిగాయి."

"దూరపు దళం రావాలంటే మూడు గంటలు. వరద పట్నం చేరడానికీ అంతే."

"ఆ దూరపు వాళ్లనే పిలువు. హాల్విక్ వాళ్లను ఊళ్లోనే ఉండనీ."

ఆయన మూత బిగించబోయాడు. మర పట్టలేదు. మార్లిస్ ఫ్లాస్కు అందుకుంది. అరిగిన మర ఆమె చేతిలోనూ పట్టలేదు.