తెల్లటి ఇంట్లో పసుపు గడపలు

2021 నవంబరు. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో ఆఫీసు భవనాల వెనక కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో రెండో అంతస్తు ఫ్లాట్ అది. మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకోవాల్సి వచ్చిన రోజు. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఇళ్లకు ఇంటీరియర్ డిజైన్ చేయడం నా పని. ఎన్నేళ్లుగా చేస్తున్నా మనవాళ్ల ఇళ్లకు బయల్దేరేటప్పుడు నాకు ముందే కాస్త చిరాకు పుడుతుంది. సగం మంది ఫోనులో ఒక ఫొటో చూపించి "అచ్చం ఇట్లాగే కావాలి" అంటారు. ఆ ఫొటో ఎండ దండిగా కాసే ఏ దేశంలో తీశారో ఎవరికీ పట్టదు.

శిరీష కూడా ఫోనే తీసింది. ఆమెది నల్గొండ, భర్త మహేందర్‌ది కరీంనగర్. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. కీటాకు, అంటే ఇక్కడి పసిపిల్లల బడికి, వెళ్లే కూతురు ఆద్య ఉంది. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉండి, మొదటిసారి సొంతంగా కొనుక్కున్న ఇల్లు. ఫొటోలో గోడలు తెలుపు, తలుపులు తెలుపు, వంటింటి గట్టు తెలుపు, ఆఖరికి కర్టెన్లు కూడా తెలుపే.

"ఆస్పత్రిలో అయినా అక్కడక్కడ ఆకుపచ్చ పరదాలు ఉంటాయమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. "తెల్లగుంటె వెలుతురుంటది కదక్కా. నాకు వెలుతురే కావాలె. ఇంకేం వద్దు."

నా పాఠం నేను చెప్పాను. ఉత్తరం వైపు గదుల్లో, ఇక్కడి మబ్బు వెలుతురులో, అచ్చ తెలుపు తెల్లగా నిలవదు. నీలం పట్టి బూడిద రంగులోకి దిగుతుంది. రంగు అడుగున దాగి ఉండే ఇలాంటి రంగును మేము అండర్‌టోన్ అంటాం. అందుకే కాస్త పసుపు కలిసిన తెలుపు తీసుకుని, దానికి తూకంగా ఒక ముదురు రంగు పెడతాం. ఆమె అంతా ఓపిగ్గా విని "తెల్లగనే చెయ్యున్రక్కా" అంది.

సోఫాలో కూర్చున్న మహేందర్‌ను అడిగాను. లేత గంధం, లేత బూడిద రంగు చీటీలు పక్కపక్కన పెట్టి ఏది నచ్చిందంటే, "రెండూ ఒకటే కదక్కా" అన్నాడు. రంగులంటే ఆసక్తి లేని మగవాడు కాబోలు అనుకున్నాను. అలాంటివాళ్లు నాకు కొత్త కాదు.

వారం తర్వాత అతనే ఫోన్ చేసి, పెయింట్లు అమ్మే బావ్‌మార్క్ట్‌కు రమ్మన్నాడు. ఇంటి సామాను, రంగులు, మేకులు అన్నీ దొరికే పెద్ద దుకాణం అది. రంగు డబ్బాల వరస మధ్య నిలబడి, నా వైపు కాకుండా డబ్బాల వైపు చూస్తూ చెప్పాడు.

"అక్కా, నా చూపు పోతున్నది. నడుమ కనవడ్తది, పక్కలు కనవడ్తలేవు. చీకటైతె ఇగ అసలుకే లేదు. మందు లేదన్నరు డాక్టర్లు. మెల్లమెల్లగ మొత్తం పోతదంట."

"శిరీషకు తెలుసా?"

"తెల్వదు. ఇల్లు కొన్న సంబురంల ఉన్నది, ఎట్ల చెప్పాలె? ఆఫీసుల తెలిస్తె ఉద్యోగం ఏమైతదో, ఈ దేశంల ఉంటమో లేదో." ఒక డబ్బాను ముందుకు జరిపి మళ్లీ అన్నాడు. "నాకు ఒక్కటే కావాలక్కా. నా ఇంట్ల నేను ఎవ్వరి చెయ్యి పట్టకుంట తిరగాలె. తెల్ల గోడకు తెల్ల తలుపు పెడితె తలుపెక్కడున్నదో నాకు తెల్వదు. స్టైల్ అనో ఏదో ఒకటి మీరే చెప్పి, జర రంగెయ్యున్రి."

ఎల్ఆర్‌వీ అనే లెక్క ఒకటి ఉంటుంది. తన మీద పడిన వెలుతురులో ఒక రంగు ఎంత వెనక్కి ఇస్తుందో చెప్పేది. తెలుపు దాదాపు అంతా ఇచ్చేస్తుంది, నలుపు దాదాపు అంతా మింగేస్తుంది. ఇల్లు హాయిగా కనిపించాలంటే పక్కపక్క రంగుల మధ్య ఈ తేడా మరీ ఎక్కువ కాకుండా చూసుకుంటాం. మహేందర్‌కు కావాల్సింది సరిగ్గా దానికి తలకిందులు. తేడా ఉంటేనే అతనికి అంచు కనిపిస్తుంది.

మొగుడూ పెళ్లాల రహస్యంలోకి నన్ను లాగాడని ఒళ్లు మండింది. అయినా కాదనలేకపోయాను.

తలుపు ఫ్రేములకు ముదురు రంగు అంటే శిరీష ఒప్పుకోలేదు. వంటింటి గట్టుకూ ఒప్పుకోలేదు. అప్పుడు నాకు గడప గుర్తొచ్చింది. ఇక్కడి ఇళ్లలో గదికీ గదికీ మధ్య నేల చదునుగా సాగిపోతుంది, గడప అన్నదే ఉండదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆ గోధుమరంగు చెక్క నేల మీద వెడల్పాటి పసుపు రంగు పట్టీ వేసి, ఎర్ర బొట్లు పెడదామన్నాను.

"ప్రతి గుమ్మానికా? మా అమ్మ గూడ వాకిలి గడపకే పెడ్తది" అంది. తర్వాత చాలాసేపు నేలకేసి చూసింది. "పెట్టున్రక్కా. జర వెడల్పుగనే పెట్టున్రి."

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

డిసెంబరులో పెయింటర్ పని ముగించాడు. గోడలు, తలుపులు, ఫ్రేములు అన్నీ ఒకటే తెలుపు. నేను చూడ్డానికి వెళ్లిన సాయంత్రం మబ్బు కమ్మి ఉంది. మహేందర్ హాల్లోంచి పడగ్గదికి నడిచాడు. పసుపు పట్టీ చూసుకుని గుమ్మం దగ్గర సరిగ్గానే ఆగాడు. కానీ తలుపు సగమే తెరిచి ఉంది. తెల్ల గోడ ముందు ఆ తెల్ల తలుపు అంచు అతనికి లేనట్టే. నుదురు నేరుగా వెళ్లి దానికి కొట్టుకుంది.

శిరీష పరుగున వచ్చి చున్నీ చెంగుతో రక్తం అదిమింది.

"ఇంత తెల్లగ చేపిచ్చిన గద. అయినా కనవడలేదా నీకు?"

అతను కదలకుండా నిలబడ్డాడు. "నీకు ఎప్పటిసంది తెలుసు?"

"పోయిన చలికాలం. కీటా ముందర ఎర్ర జాకెట్ జూసి వేరే పిల్ల చెయ్యి పట్టుకోని నడిచినవు. మన పిల్ల వెనకనుంచి ఏడ్చుకుంట పిలిచింది. నేను రోడ్డుకు అటుపక్కనుంచి చూసిన. తెల్లారే దానికి పసుప్పచ్చ జాకెట్ కొన్న. నువ్వే చెప్తవని ఎదురుచూసిన."

ఆ తెలుపు ఫ్యాషన్ పిచ్చితో అడిగింది కాదు. తెల్లటి ఇంట్లో వెలుతురు ఎక్కువుంటుంది, వెలుతురుంటే అతనికి కనిపిస్తుంది అనుకుంది ఆమె. ఏడాది పాటు ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఒకే సంగతి దాచుకుని, ఎవరికి తోచిన మేలు వాళ్లు చేయబోయారు. నేనేమో ఫొటోలు చూసి మోసపోయిన మనిషని ఆమెను లోలోపల వెక్కిరించాను.

తెల్ల గట్టు మీద ఒక తెల్ల కప్పు పెట్టి, మరొకటి పెయింటర్ తెచ్చిన నల్ల పలక మీద పెట్టాను. "ఎన్ని కప్పులున్నాయి?" అని మహేందర్‌ను అడిగాను. అతను వంగి చూసి ఒక్కటే అన్నాడు. శిరీష నేల మీద కూలబడి ఏడ్చింది. అతను వెతుక్కుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఫ్రేములకు నెమలి నీలం వేశాం. తలుపుల అంచులకూ అదే. గట్టు నల్లరాయికి మారింది, స్విచ్చుల చుట్టూ ముదురు చట్రాలు వచ్చాయి. పత్రికలో వేసుకునే ఇల్లు కాదది. నేను చేసిన ఇళ్లన్నిటిలోకీ ఎక్కువసేపు ఆలోచించిన ఇల్లు మాత్రం అదే.

పోయిన శీతాకాలం ఆద్య గదికి కొత్త రంగు కావాలని పిలిచారు. చీకటి పడుతుండగా వెళ్లాను. మహేందర్ తలుపు తీశాడు. ఇల్లంతా చీకటి. "మీకు లైటు గావాలె కదక్కా, మర్చిపోయిన" అని స్విచ్ తడిమి వేశాడు. ఆఫీసులో చెప్పేశాడట. ఉద్యోగం ఉంది, కంప్యూటరే చదివి వినిపిస్తుంది.

"నెమలి నీలం మంచిగనే ఉన్నదా?" అన్నాడు.

"ఉంది."

"నాకు పోయిన దసరా నుంచి కనవడ్తలేదు."

నేను వేసిన రంగులు అతనికి పనికొచ్చింది కొద్ది చలికాలాలే. రంగు చూపును నిలపలేదు. ఇది నాకు తెలియని సంగతి కాదు, కానీ ఆ గుమ్మంలో నిలబడి వినడం వేరు. ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా కలర్ కార్డులు సంచిలోనే ఉంచి, ఇంట్లో ఎవరికి ఏం కనిపిస్తుందో, దేనికి భయపడుతున్నారో ముందు అడుగుతాను. భార్యాభర్తలిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడుగుతాను.

పసుపు పట్టీలు చూసి ఆగిపోయాను. అవి నేను వేయించినంత పలచగా లేవు. ప్రతి శుక్రవారం శిరీష వాటి మీద పసుపు రంగు ఇంకో పూత వేస్తోంది. పూత మీద పూత పడి అట్టకట్టి, నిజం గడపలా కాస్త ఎత్తు తేలాయి.

మహేందర్ కూతురి గది వైపు నడిచాడు. లోపల బొమ్మ వేసుకుంటున్న ఆద్య తల కూడా ఎత్తకుండా, "పప్పా, గెల్బ్" అంది. జర్మన్‌లో పసుపు అని.

అతను ఆగాడు. బొటనవేలితో ఆ ఎత్తును తడిమి, గుమ్మం దాటాడు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.